1955 షెవ్రొలే: ఉత్పత్తి లెక్కలు ఏ కారును చూపిస్తున్నాయి?

1954 నవంబర్ 23న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణంలో జనరల్ మోటార్స్ తన 5 కోట్లవ కారును వేడుకగా బయటికి తెచ్చింది. అది 1955 మోడల్ షెవ్రొలే బెల్ ఎయిర్ స్పోర్ట్ కూపే. ఒళ్లంతా బంగారు రంగు వేసి, వందల కొద్దీ భాగాలకు బంగారు పూత పూశారు. ఆ ఏటి షెవ్రొలే అనగానే నేటికీ కళ్లముందు నిలిచే రూపం దాదాపు అదే. రెండు తలుపులు, పక్క కిటికీల మధ్య స్తంభం లేని పైకప్పు, మెరిసే పట్టీలు, బానెట్ కింద సరికొత్త వి-8 ఇంజన్. అప్పటిదాకా పొదుపరి కుటుంబాల నమ్మకమైన బండిగా పేరున్న షెవ్రొలేను ఆ ఇంజన్, ఆ అందం కలిసి కుర్రకారు కారుగా మార్చేశాయనీ, అందుకే ఆ ఏడాది అమ్మకాలు ఎగిసిపడ్డాయనీ చాలా పుస్తకాలు, పత్రికలు చెబుతూ వచ్చాయి.

ఆ కథనాన్ని ఆ ఏటి ఉత్పత్తి పట్టికతోనూ, ధరల జాబితాతోనూ, పోటీ కంపెనీల లెక్కలతోనూ సరిచూడడమే ఇక్కడి పని. ముందుగా రెండు జాగ్రత్తలు. కింది అంకెలు మోడల్ సంవత్సరానివి. అంటే 1954 శరదృతువులో మొదలై 1955 శరదృతువుకు ముందు ముగిసిన తయారీవి. క్యాలెండర్ సంవత్సరపు లెక్కలతో వీటిని కలిపితే తప్పుడు నిష్పత్తులు వస్తాయి. రెండోది ఇంతకంటే ముఖ్యం. ఇవి తయారైన కార్ల లెక్కలు, కొన్నవాళ్ల లెక్కలు కావు. ఈ తేడా 1955లో ఎంత పెద్దదో ముందు ముందు చూద్దాం.

ఒకే తొడుగు, మూడు మెట్లు

1955 షెవ్రొలే వరుసలో మూడు శ్రేణులుండేవి: వన్-ఫిఫ్టీ, టూ-టెన్, బెల్ ఎయిర్. మూడింటికీ చట్రం ఒకటే, చక్రాల నడిమి దూరం ఒకటే (115 అంగుళాలు), ఇంజన్ల జాబితా ఒకటే. వేరుపడేది లోపలి గుడ్డ, తివాచీ, బయటి క్రోమ్ పట్టీలు, రంగుల జతలు. వన్-ఫిఫ్టీ దాదాపు నగలు లేని బండి. వెనక సీటే లేని యుటిలిటీ సెడాన్ కూడా అందులో ఉంది. ఊరూరూ తిరిగే అమ్మకపు ఉద్యోగులు, సంస్థలు, ఖర్చు చూసుకునేవాళ్లు దాన్ని కొనేవారు. టూ-టెన్ నడిమి మెట్టు. దానిలోనే డెల్‌రే అనే కూపేకి మెత్తలు కుట్టిన వినైల్ లోపలి అలంకరణ ఇచ్చారు. బెల్ ఎయిర్ పై మెట్టు. కన్వర్టిబుల్, బోవిల్ వ్యాగన్, నోమాడ్ వ్యాగన్ ఈ శ్రేణిలోనే దొరికేవి. వీటికి వేరుగా ఫైబర్‌గ్లాస్ తొడుగుతో కొర్వెట్ ఉంది.

ధరలు చూస్తే ఈ మెట్ల లోతు తెలుస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజన్‌తో నాలుగు తలుపుల సెడాన్ వన్-ఫిఫ్టీలో 1,728 డాలర్లు, టూ-టెన్‌లో 1,819, బెల్ ఎయిర్‌లో 1,932. టూ-టెన్ నుంచి బెల్ ఎయిర్‌కు ఎక్కడానికి 113 డాలర్లు చాలు. వి-8 ఇంజన్ కావాలంటే ఏ మెట్టు మీదైనా అదనంగా 99 డాలర్లు. పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేర్లకు 178. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. వి-8 ఇంజన్ కంటే క్రోమ్ పట్టీలు, మంచి సీటు గుడ్డ కాస్త ఖరీదు. ఎడమకాలికి క్లచ్ శ్రమ తప్పించడం ఆ రెండింటికంటే ఖరీదు. కొనుగోలుదారు ఇంజన్ ఒక్కదాన్నే తూచుకుని నిర్ణయించుకున్నాడనడానికి ఈ జాబితా ఆస్కారం ఇవ్వదు.

పట్టిక ఏం చెబుతోంది

కొర్వెట్‌ను పక్కన పెడితే ఆ మోడల్ సంవత్సరంలో తయారైనవి 17,03,993 కార్లు. ఇందులో టూ-టెన్ 8,05,309, బెల్ ఎయిర్ 7,73,238, వన్-ఫిఫ్టీ 1,25,446. శాతాల్లో చెప్పాలంటే వరుసగా 47, 45, 7 పైచిలుకు. పేరు మిగిలింది బెల్ ఎయిర్‌కు, సంఖ్యలో పెద్దది టూ-టెన్. ఒక్కొక్క కారుగా చూస్తే మాత్రం అన్నింటికంటే ఎక్కువగా తయారైంది బెల్ ఎయిర్ నాలుగు తలుపుల సెడాన్, 3,45,372. తర్వాతిది టూ-టెన్ నాలుగు తలుపుల సెడాన్, 3,17,724. దాని వెంటే టూ-టెన్ రెండు తలుపుల సెడాన్, 2,49,105.

నేటి బొమ్మల్లో, పాత కార్ల ప్రదర్శనల్లో అధికంగా కనిపించే మూడు రూపాలు బెల్ ఎయిర్ స్పోర్ట్ కూపే, కన్వర్టిబుల్, నోమాడ్. అవి వరుసగా 1,85,562, 41,292, 8,386. మూడూ కలిపితే 2,35,240, మొత్తంలో 14 శాతానికి కాస్త తక్కువ. మామూలు సెడాన్లు, అంటే నడిమి స్తంభం ఉన్న రెండు, నాలుగు తలుపుల కార్లు (డెల్‌రే, యుటిలిటీ సెడాన్ కాక), మూడు శ్రేణుల్లోనూ కలిపి 11,76,828. ప్రతి 100 షెవ్రొలేల్లో 69 ఇవే. జ్ఞాపకంలో మిగిలిన కారు వేరు, 1955లో అమెరికన్ ఇళ్ల ముందు నిలిచిన కారు వేరు అనడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కరలేదు.

అయితే ఇక్కడితో ఆగి, ఆ జ్ఞాపకం ఉత్త భ్రమ అని కొట్టిపారేయడం కూడా తొందరపాటే. ఒక ఏటి వాటాలు ఉన్న స్థితిని చూపిస్తాయి తప్ప కదలికను చూపించవు. కదలిక తెలియాలంటే 1954తో పోల్చాలి. ఆ ఏడాది షెవ్రొలే తయారుచేసిన కార్లు సుమారు 11.4 లక్షలు. పెరుగుదల దాదాపు 5.6 లక్షలు, అంటే 49 శాతం. ఈ పెరుగుదల ఏ రూపాల మీద పడిందో విడదీసి చూస్తే విషయం ఆసక్తికరంగా మారుతుంది.

1954లో మామూలు సెడాన్లు 9.2 లక్షల చిల్లర. 1955లో 11.8 లక్షలు. పెరిగింది 28 శాతమే. బెల్ ఎయిర్ స్పోర్ట్ కూపే 66 వేల నుంచి 1,85,000 దాటింది, దాదాపు 2.8 రెట్లు. కన్వర్టిబుల్ 19 వేల నుంచి 41 వేలకు చేరి రెట్టింపు దాటింది. డెల్‌రే 66 వేల నుంచి 1,15,000 దాటింది. అన్నింటికంటే నా దృష్టిని ఆపినవి వ్యాగన్లు. సామాన్లు, పిల్లలు, కుక్క అందరూ ఎక్కే ఆ పొడవాటి బండ్లు 1954లో సుమారు 57 వేలు, 1955లో 1,61,856. ఇవీ 2.8 రెట్లే! అంత ప్రచారం పొందిన నోమాడ్ ఈ వ్యాగన్లలో ఇరవయ్యో వంతు మాత్రమే. మొత్తం వ్యాగన్లలో సగానికి పైగా టూ-టెన్ శ్రేణి టౌన్స్‌మన్, 82,303. నాలుగు తలుపులు, నడిమి ధర, ఆడంబరం లేని బండి. దాన్ని ప్రశంసిస్తూ రాసిన వ్యాసాలు అరుదు. నగర శివార్లలో కొత్త ఇళ్లు కట్టుకుని స్థిరపడుతున్న కుటుంబాలకు ఆ ఏడాది షెవ్రొలే ఇచ్చిన అసలైన కొత్త వస్తువు అదేనని నా అభిప్రాయం.

మొత్తం పెరుగుదలలో సెడాన్ల వాటా 46 శాతం దగ్గర. స్పోర్ట్ కూపేలది, టూ-టెన్‌లో వచ్చిన 11,675 కలుపుకుని, 23 శాతం. వ్యాగన్లది 19 శాతం దగ్గర. మిగతాది డెల్‌రే, కన్వర్టిబుల్. కాబట్టి స్పోర్ట్ కూపేను 1955 షెవ్రొలేకు గుర్తుగా నిలబెట్టడంలో కొంత న్యాయం ఉంది. సంఖ్యలో చిన్నదైనా కదలికలో పెద్దది. అదే న్యాయం టౌన్స్‌మన్‌కు దక్కలేదు.

ఇంకో వాదన కూడా ఈ లెక్కల ముందు కాస్త తగ్గాలి. 1955లో జనం చవక శ్రేణులు వదిలి ఒక్కసారిగా బెల్ ఎయిర్‌కు ఎగబాకారని అంటారు. 1954లోనే బెల్ ఎయిర్ వాటా 42 శాతం దాటింది. 1955లో 45కు చేరింది. ఇది జరుగుతున్న మార్పుకు కొనసాగింపు, హఠాత్తుగా వచ్చిన మలుపు కాదు.

ఇంజన్ సంగతి

ముందు ఒక చిన్న సవరణ. 1955 ఇంజన్‌ను షెవ్రొలే తొలి వి-8 అనడం సరికాదు. 1917, 1918ల్లో ఆ కంపెనీ డి సిరీస్ పేరుతో వి-8 కార్లు అమ్మి మానేసింది. 1955ది ఆ తర్వాత వచ్చిన మొదటిది. పోటీదారు ఫోర్డ్ 1932 నుంచీ చవక కారులో వి-8 ఇస్తూనే ఉంది. అంటే ఈ రంగంలో షెవ్రొలే ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చిన తీరు వేరు.

ఎడ్వర్డ్ కోల్ 1952లో షెవ్రొలే చీఫ్ ఇంజనీరుగా వచ్చాడు. అంతకుముందు క్యాడిలాక్‌లో 1949 వి-8 రూపకల్పనలో పనిచేసిన అనుభవం ఉంది. ఆయన బృందం తయారుచేసిన 265 ఘనపుటంగుళాల ఇంజన్ మామూలుగా 162 హార్స్‌పవర్, నాలుగు గొంతుల కార్బ్యురేటర్, రెండు ఎగ్జాస్ట్ గొట్టాలతో 180 హార్స్‌పవర్ ఇచ్చేది. పాత ఆరు సిలిండర్ల 235 ఇంజన్ చేతి గేర్లతో 123, పవర్‌గ్లైడ్‌తో 136 ఇచ్చేది. శక్తి లెక్కలకంటే గొప్ప సంగతి తూకం. రెండు సిలిండర్లు ఎక్కువున్నా కొత్త ఇంజన్ పాతదానికంటే 18 కిలోల దాకా తేలిక. పోత పోసే పద్ధతిని మార్చి ఇనుప గోడలను పలచన చేశారు. వాల్వులను కదిపే రాకర్లను ఒక కడ్డీకి గుచ్చకుండా, రేకును అచ్చొత్తి విడివిడిగా బోల్టులకు అమర్చారు. ఈ ఆలోచన సోదర విభాగమైన పాంటియాక్ నుంచి వచ్చింది. ఆ రాకర్లకు చమురు అందించడానికి వేరే గొట్టాలు వేయకుండా, బోలుగా ఉండే పుష్‌రాడ్ల గుండానే పైకి పంపారు. ఎడమ, కుడి సిలిండర్ హెడ్లు ఒకటే. ఎటువైపుదైనా అటువైపు బిగించవచ్చు. ప్రతి నిర్ణయంలోనూ భాగాల సంఖ్య తగ్గించి, లక్షల్లో చవకగా చేయాలన్న పట్టుదల కనిపిస్తుంది. ఆ వంశపు చిన్న బ్లాక్ ఇంజన్ల సంఖ్య 2011 నవంబర్‌లో 10 కోట్లకు చేరిందంటే ఆ పునాది ఎంత గట్టిదో తెలుస్తుంది.

లోపాలు లేవని కాదు. మొదటి ఏడాది బ్లాక్‌లో చమురు ఫిల్టర్‌కు అసలు చోటే ఇవ్వలేదు. కావాలంటే అదనంగా, పక్కదారి ఫిల్టర్ తగిలించుకోవాలి. 1956లో ఆ లోటు తీర్చారు.

మరి ఈ ఇంజన్ 1955 అమ్మకాలను ఎంత పెంచింది? పైన చూసిన పట్టిక ఆకారాలను, శ్రేణులను విడదీస్తుంది తప్ప ఇంజన్‌ను విడదీయదు. ఏ ఆకారంలోనైనా రెండు ఇంజన్లూ దొరికేవి. కనుక స్పోర్ట్ కూపే 2.8 రెట్లు పెరిగిందంటే అది వి-8 వల్ల అని పట్టికను సాక్షిగా నిలబెట్టలేం. వ్యాగన్లూ అంతే పెరిగాయి కదా.

రేసుల్లో గెలుపులే అమ్మకాలను పెంచాయన్న వాదన కాలక్రమం దగ్గరే చిక్కుకుంటుంది. 1955 మార్చిలో సౌత్ కరోలినాలోని కొలంబియాలో రేసు డ్రైవరు ఫాంటీ ఫ్లాక్ షెవ్రొలేకు నాస్కార్ రేసుల్లో తొలి విజయం తెచ్చాడు. అందరూ చెప్పుకునే పెద్ద గెలుపు డార్లింగ్టన్‌లో సదరన్ 500 పందెం, హెర్బ్ థామస్‌ది. అది సెప్టెంబర్‌లో జరిగింది. అప్పటికి 1955 మోడల్ తయారీ చివరికి వచ్చేసింది. ఆ గెలుపు 1956 కార్ల అమ్మకానికి పనికొచ్చి ఉండవచ్చు, 1955 మొత్తాన్ని అది పెంచలేదు.

అందరి పడవలూ లేచిన ఏడాది

షెవ్రొలే పెరుగుదల 49 శాతం అన్నాం. ఇది ఒంటరిగా చూస్తే అద్భుతం. పక్కవాళ్లను చూస్తే కొలత మారుతుంది. అదే మోడల్ సంవత్సరంలో ప్లిమత్ సుమారు 4.6 లక్షల నుంచి 7 లక్షలకు పెరిగింది, 50 శాతం పైనే. బ్యుయిక్ 4.4 లక్షల నుంచి 7.4 లక్షలకు. పాంటియాక్ 2.9 లక్షల నుంచి 5.5 లక్షలకు, దాదాపు రెట్టింపు. ఫోర్డ్ 11.6 నుంచి 14.5 లక్షలకు, పాతిక శాతం.

ప్లిమత్, పాంటియాక్ రెండూ 1955లోనే కొత్త తొడుగు, తొలి ఆధునిక వి-8 తెచ్చాయి. ఇది వి-8 వాదానికి అనుకూలంగా కనిపిస్తుంది. కానీ బ్యుయిక్ తన వి-8ను 1953లోనే తెచ్చేసింది. 1955లో కొత్త ఇంజన్ లేకుండానే షెవ్రొలే కంటే వేగంగా పెరిగింది. మరోపక్క ప్యాకార్డ్ 1955లోనే సరికొత్త వి-8 తెచ్చి, 1956 మధ్యలో డెట్రాయిట్ కర్మాగారం మూసేసింది. ప్యాకార్డ్ ధరలు వేరు, కష్టాలు వేరు కాబట్టి దాన్ని నేరుగా పోల్చకూడదు. అయినా కొత్త ఇంజన్ ఒక్కటే కంపెనీని లేపుతుందనే నియమం నిలవదని అది చూపుతుంది.

అందరినీ లేపిన శక్తి మరొకటి ఉంది, అది అప్పు. 1955లో కారు వాయిదాల గడువు 24, 30 నెలల నుంచి 36 నెలల దాకా సాగింది. ముందు కట్టాల్సిన సొమ్ము తగ్గింది. నెల వాయిదా తగ్గిన చోట 113 డాలర్ల తేడా నెలకు మూడు నాలుగు డాలర్లుగా మారుతుంది. బెల్ ఎయిర్ మెట్టు ఎక్కడం తేలికవుతుంది. ఈ అప్పుల పెరుగుదల ప్రభుత్వాన్ని ఎంత కలవరపెట్టిందంటే, 1956 జనవరి ఆర్థిక నివేదికలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వాయిదాల అప్పుల నియంత్రణపై అధ్యయనం కోరాడు. ఫెడరల్ రిజర్వ్ దాన్ని 1957లో సంపుటాలుగా వెలువరించింది. అదే 1955లో జనరల్ మోటార్స్ ఏడాదికి 100 కోట్ల డాలర్లు దాటి లాభం సంపాదించిన తొలి అమెరికన్ కంపెనీ అయింది.

ఇక్కడే మొదట చెప్పిన రెండో జాగ్రత్త అక్కరకొస్తుంది. 1954 నుంచే ఫోర్డ్, షెవ్రొలే మొదటి స్థానం కోసం పోటీపడి అవసరానికి మించి కార్లు తయారుచేసి డీలర్ల మీదకు తోశాయి. వాటిని వదిలించుకోవడానికి డీలర్లు ధరలు కోసి, నష్టానికి అమ్మి, చివరికి వాషింగ్టన్ తలుపు తట్టారు. 1955 చివర్లో సెనేటర్ జోసెఫ్ ఓమహోనీ ఉపసంఘం జనరల్ మోటార్స్‌పై విచారణ జరిపింది. 1956 ఆగస్టులో, కంపెనీ చిత్తశుద్ధి లేకుండా ప్రవర్తిస్తే డీలరు కోర్టుకెక్కేలా చట్టం వచ్చింది. 1958లో ప్రతి కొత్త కారు అద్దానికి ధర చీటీ అంటించాలన్న చట్టం వచ్చింది. 17 లక్షల కార్లలో ఎంతో కొంత భాగం కొనేవాడి కోరికతో కాక కర్మాగారం ఒత్తిడితో పుట్టింది. ఆ డీలర్ల బాధను పక్కన పెట్టి 1955 ఘనతను పాడడం నాకు న్యాయమనిపించదు.

తర్వాతి ఏడాది ఈ ఉబ్బు దిగింది. దేశం మొత్తం మీద కార్ల తయారీ 79 లక్షల నుంచి 58 లక్షలకు పడింది (ఇది క్యాలెండర్ లెక్క). మోడల్ లెక్కలో బ్యుయిక్ 20 శాతం పైనే తగ్గగా, షెవ్రొలే 15.67 లక్షల దగ్గర నిలిచి 8 శాతమే కోల్పోయింది. దీన్ని వి-8 గొప్పతనమనాలనిపిస్తుంది. కానీ ఫోర్డ్ తగ్గింది 3 శాతమే. గడ్డు కాలంలో తక్కువ ధర కార్లే నిలబడ్డాయన్న వివరణ ఈ అంకెలకు ఎక్కువగా సరిపోతుంది. 1957 మోడల్ సంవత్సరంలో ఫోర్డ్ 16.7 లక్షలతో షెవ్రొలేను (15.05 లక్షలు) దాటేసింది కూడా.

వరుస అంచున ఉన్న రెండు కార్లు

కొర్వెట్ 1955లో తయారైంది 700. అదే ఏడాది ఫోర్డ్ థండర్‌బర్డ్ 16,155. ఇంచుమించు అన్ని కొర్వెట్లకూ 195 హార్స్‌పవర్ వి-8 బిగించారు. గుర్తుగా పక్కన రాసిన పేరులో వి అక్షరాన్ని పెద్దది చేసి బంగారు రంగు వేశారు. వి-8 ఒక్కటే కారును అమ్మగలిగితే అన్నింటికంటే బాగా అమ్ముడుపోవాల్సింది ఇదే. నోమాడ్ కథ కూడా దగ్గరిదే. 1954 జనవరిలో న్యూయార్క్‌లో జనరల్ మోటార్స్ ప్రదర్శన మోటోరామాలో కొర్వెట్ ముఖంతో ప్రదర్శించిన వ్యాగన్ జనానికి నచ్చడంతో డిజైనర్ కార్ల్ రెన్నర్ ఆ పైకప్పు గీతలను బెల్ ఎయిర్‌కు మలిచాడు. ధర 2,472 డాలర్లు, కన్వర్టిబుల్‌కంటే ఎక్కువ. రెండే తలుపులు. వాలుగా ఉన్న వెనక తలుపు దగ్గర వాన నీళ్లు లోపలికి కారేవి. మూడేళ్లకు దాన్ని ఆపేశారు. ఇంత అందమైన వ్యాగన్‌ను అమెరికా మళ్లీ చేయలేదని నా నమ్మకం. కానీ అందానికి, ఉత్పత్తి పట్టికకు పొంతన కుదరలేదు.

అడుగు మెట్టు కారు మాత్రం మరో దారిలో పేరు తెచ్చుకుంది. 1971లో వచ్చిన 'టూ-లేన్ బ్లాక్‌టాప్', 1973లో వచ్చిన 'అమెరికన్ గ్రాఫిటీ' సినిమాల్లో పందేలకు దిగే షెవ్రొలే వన్-ఫిఫ్టీ రెండు తలుపుల సెడాన్. పట్టీలు లేని ఆ చవక కారే తర్వాతి తరం కుర్రాళ్లకు 1955కి గుర్తయింది. అందులో ఉన్న ఇంజన్ మాత్రం 1955ది కాదు. సినిమా కోసం బిగించిన మరింత పెద్దది.

ఈ మార్పిడి అలవాటు పరిశోధకుడికి పెద్ద ఇబ్బంది. నేడు మిగిలి ఉన్న 1955 షెవ్రొలేలను లెక్కబెట్టి ఆనాడు ఎవరు ఏ ఇంజన్ కొన్నారో తేల్చడం కుదరదు. ఆరు సిలిండర్ల ఇంజన్ తీసి వి-8 పెట్టిన కార్లు విరివిగా ఉన్నాయి. నాలుగు తలుపుల సెడాన్లు విడిభాగాల కోసం ముక్కలయ్యాయి. దాచుకోదగ్గవనిపించిన ఆకారాలే దాగాయి. ఒక్కో కారు గురించి మాత్రం కొంత గట్టి సాక్ష్యం దొరుకుతుంది. డ్రైవరు వైపు ముందు తలుపు స్తంభం మీద ఉండే రేకు మీద వరుస సంఖ్య సీ55 అని మొదలైతే అది ఆరు సిలిండర్లతో పుట్టిన బెల్ ఎయిర్, వీసీ55 అయితే వి-8తో పుట్టింది. టూ-టెన్‌కు బీ, వన్-ఫిఫ్టీకి ఏ. వెనక దీపాల కింద ఉండే వి గుర్తును ఎవరైనా కొని అంటించవచ్చు. ముందుగా చదవాల్సింది ఆ రేకు, చూడాల్సింది దాన్ని ఎప్పుడైనా ఊడదీసి మళ్లీ బిగించారా అన్నది.